కరెంటు పోతే పోయే ఇంటి ఫోన్ గురించి టెలికం మంత్రిగారికి బహిరంగ లేఖ

కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ మంత్రివర్యులకు,
కోనసీమ నుంచి ఒక ఇల్లాలు నమస్కరించి రాసుకుంటున్నది.

అయ్యా,

ఇది మేం పెట్టుకునే మొదటి మొర కాదు. కంపెనీ కాల్ సెంటర్‌కి చెప్పాం, అప్పీలు పెట్టాం, ఆన్‌లైన్‌లో ఎక్కడెక్కడ ఫిర్యాదు రాయొచ్చో అక్కడల్లా రాశాం. రాసిన ప్రతిసారీ ఒక డాకెట్ నంబరు ఇస్తారు. కొన్నాళ్లకి ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని మెసేజ్ వస్తుంది. ఏం పరిష్కరించారో మా ఇంట్లో ఎవరికీ కనపడలేదు. అప్పీలు 39 రోజుల్లో తేల్చాలని నియమం ఉందని చదివాను. తేల్చారు, నిజమే. మమ్మల్ని తేల్చేశారు. పోనీ టెలికం కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్‌కి మొరపెట్టుకుందామంటే, విడివిడి మనుషుల ఫిర్యాదులు అది తీసుకోదట. ఇక మిగిలింది మీరే. కంపెనీ పేరు రాయను. పక్కింటివాళ్లది ఇంకో కంపెనీ, వాళ్ల గోడూ ఇదే.

మాకు కావలసింది ఒక ఫోన్. హాల్లో బల్ల మీద కదలకుండా ఉండి, గట్టిగా మోగే ఫోన్. మా అత్తయ్యగారికి డెబ్బై దాటాయి. టచ్ ఫోన్ మీద ఆవిడ వేలు నిలవదు, చిన్న సెల్ కొనిస్తే ఎక్కడ పెట్టారో గుర్తుండదు. మాది పెంకుటిల్లు, మధ్యగదిలోకి వెళితే సిగ్నల్ ఉండదు. నేను స్కూల్లో పనిచేస్తాను, పగలంతా ఆవిడ ఒక్కరే. మావారు దుబాయ్‌లో ఉంటారు. అక్కడ వాట్సాప్‌లో మెసేజ్ వెళుతుంది గానీ కాల్ వెళ్లదు. గల్ఫ్‌కి మనిషిని పంపిన ప్రతి ఇంటికీ ఆ సంగతి తెలుసు, మా జిల్లాలో అలాంటి ఇళ్లు ఎన్నో. అక్కడ ఒప్పుకున్న యాప్‌లో చేయాలన్నా, ఇవతల స్మార్ట్‌ఫోన్ పట్టుకుని ఎవరో ఒకరు కూర్చోవాలి. అందుకే మాకు ల్యాండ్‌లైన్. పాతకాలం పిచ్చి కాదండి, అవసరం.

రాగి తీగ లైను తీసేస్తున్నాం, ఫైబర్ పెట్టించుకోండి అన్నారు. సరే అన్నాం. అన్నిటికన్నా చవకది చెప్పండి అంటే అందరిదీ ఒకే పాట: “ఫోన్ ఫ్రీ అండి, నెట్‌తో పాటే వస్తుంది.” ఫ్రీ అయితే ఆ ఫోన్ ఒక్కటే ఇవ్వండి అన్నాను. అలా ప్లాన్ లేదట. బ్యానర్ మీద 399. 18 శాతం జీఎస్టీ వేశాక 471. 30 ఎంబీపీఎస్ స్పీడట. ఆ స్పీడుతో మా అత్తయ్యగారు ఏం చేసుకోవాలో తమరే సెలవియ్యాలి. సెల్‌ఫోన్ల విషయంలో 2024 డిసెంబరులో ట్రాయ్ ఒక మంచి పని చేసింది. డేటా అక్కర్లేనివాళ్లకి కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే రీఛార్జి విడిగా అమ్మి తీరాలంది. (దాన్ని కంపెనీలు ఏపాటి చవగ్గా అమ్ముతున్నాయో ఆ ముచ్చట మరోసారి.) మరి ఇంటి ఫోన్ వాడేవాళ్లు ఏం పాపం చేశారు?

డబ్బు సంగతి ఎలాగోలా సర్దుకున్నాం. సర్దుకోలేనిది కరెంటు సంగతి.

పాత ఫోన్‌కి మా ఇంట్లో ప్లగ్గే లేదు. ఎక్స్ఛేంజిలో బ్యాటరీలుండేవి, వాటి నుంచి 48 వోల్టుల కరెంటు ఆ తీగలోనే వచ్చేది. ఊరంతా చీకటైనా రిసీవర్ ఎత్తితే టోన్ వినపడేది. ఇప్పుడొచ్చేది గాజు తీగ. అందులో వెలుగు వస్తుంది గానీ కరెంటు రాదు. మోడెంకి మన ఇంటి కరెంటే దిక్కు. అది పోతే నెట్టూ పోతుంది, ఫోనూ పోతుంది. ఈ ఒక్క ముక్క కనెక్షన్ ఇచ్చే రోజున ఎవరూ చెప్పలేదు. ఫారం నిండా సంతకాలు పెట్టించుకున్నారు, ఆధార్ తీసుకున్నారు, టీవీ యాప్‌లు ఏమేమొస్తాయో ఏకరువు పెట్టారు. కరెంటు లేనప్పుడు 108కి ఫోన్ కలవదన్న మాట మాత్రం రాలేదు.

కంపెనీకి చెబితే ఇన్వర్టర్ పెట్టించుకోమన్నారు. అంత స్తోమత లేక, మోడెం పక్కన పెట్టే మినీ యూపీఎస్ ఒకటి కొన్నాం. హమ్మయ్య అనుకున్నాం. ఈసారి కరెంటు పోయినప్పుడు మోడెం వెలుగుతూనే ఉంది, అందులో ఎర్రలైటు కూడా వెలుగుతోంది. టోన్ లేదు. కంపెనీ తరఫున మా ఊళ్లో లైన్లు చూసే లోకల్ ఆపరేటర్‌ని అడిగితే, మా లైను వచ్చే మెషీన్ ఆయన గదిలో ఉందట, దానికీ కరెంటు లేదట, అక్కడి బ్యాటరీ గంట కూడా ఆగదట. అంటే మేం మా ఇంటికి బ్యాటరీ కొంటే సరిపోదు, ఆయన గదికీ కొనిపెట్టాలి కాబోలు. మార్చమని ఆయన కంపెనీకి చెప్పాడట. కంపెనీ ఆయనకే చెప్పిందట. మధ్యలో బిల్లు మాత్రం తారీఖు తప్పకుండా వస్తోంది.

2025 అక్టోబరులో మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటిన రాత్రి సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు, టీవీల్లో చూసే ఉంటారు. కరెంటు పోయింది, దాంతో ఇంటి ఫోనూ పోయింది. సెల్‌లో గీత వస్తూ పోతూ ఉంది. అక్కడ దుబాయ్‌లో మనిషి తెల్లవార్లూ నంబరు కొడుతూనే ఉన్నాడు. ఆ టెన్షన్‌కి ఏ డాకెట్ నంబరు ఇస్తారండీ? తుపాన్లు మా జిల్లాకి కొత్త కాదు. ఇంటి ఫోన్ కావాల్సింది అసలు అలాంటి రాత్రుల్లోనే. ఎండ కాసిన రోజున ఎవరి సెల్ అయినా పనిచేస్తుంది.

మా పిన్ని కూతురు డల్లాస్‌లో ఉంటుంది. అక్కడా ఇంటి ఫోన్లు ఇంటర్నెట్ మీదే. అయినా అక్కడ మన ట్రాయ్ లాంటి సంస్థ ఎఫ్‌సీసీ 2015లోనే ఒక నియమం పెట్టింది, 2025 దాకా అది అమల్లో ఉంది: ఇలా ఇంటి కరెంటు మీద నడిచే ఫోన్ అమ్మేవాళ్లు, కరెంటు పోతే ఫోన్ పోతుందని ముందే చెప్పాలి, కనీసం 8 గంటలు నిలిచే బ్యాటరీ కొనుక్కునే వీలూ కల్పించాలి. ఖరీదు కస్టమరే పెట్టుకోవాలనుకోండి, అయినా చెప్పారు కదా. మనకి ఆ చెప్పడమైనా లేదు.

ఆపరేటర్ మీద విసిగి కంపెనీ మారదామంటే నంబరు పోతుంది. సెల్ నంబరుని 2011 నుంచి వేరే కంపెనీకి పట్టుకెళ్లొచ్చు. ఇంటి నంబరుకి ఆ భాగ్యం లేదు. మామయ్యగారు ఉన్నప్పటి నంబరండీ అది. బంధువుల డైరీలన్నిటిలో అదే ఉంది, అత్తయ్యగారికి కంఠతా వచ్చిన నంబరు కూడా అదొక్కటే. సెల్‌కి చేయాలంటే ముందు సున్నా కొట్టాలని 2021లో మార్చారు. అది ఆవిడకి అలవాటయ్యేసరికే మా తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు కొత్త నంబరా?

పల్లెపల్లెకీ ఫైబర్ అని 2023లో భారత్‌నెట్‌కి 1,39,579 కోట్లు ఒప్పుకున్నారు. సంతోషం. ఆ కోట్లలో ఆపరేటర్ గదికి ఒక బ్యాటరీ పట్టదా అని అడిగితే తప్పుగా అనుకోకండి.

అడుగుతున్నవి కొత్తవేం కాదు, పాత అర్జీల్లో ఉన్నవే. నెట్ అక్కర్లేనివాళ్లకి ఫోన్ ఒక్కటే తక్కువ ధరకి ఇప్పించండి. నంబరు మాతో తీసుకెళ్లనివ్వండి. కరెంటు పోయినా కొన్ని గంటలైనా ఫోన్ బతికేలా కంపెనీల మీద నియమం పెట్టండి, మా ఇంట్లోనే కాదు, ఆపరేటర్ గదిలో కూడా. అంతవరకు కనెక్షన్ ఇచ్చే ముందు ఈ సంగతి తెలుగులో రాసి సంతకం తీసుకోమనండి. మళ్లీ చెబుతున్నాను, అన్నీ ఒకేసారి కుదరకపోతే ముందు ఆ కరెంటు సంగతి చూడండి. వచ్చే తుపాను సీజన్ లోపల చూడండి. జవాబు రాస్తే ఉత్తరంలోనే రాయండి, ఫోన్ చేస్తే ఆ టైముకి మాకు కరెంటు ఉంటుందో లేదో.

ఇట్లు,
ప్రతి నెలా 471 రూపాయలు కడుతున్న ఒక చందాదారు,
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా