ఆదివారం కలుద్దామా, టీచర్లూ

అందరికీ నమస్కారం. నిన్న నోట్‌బుక్కులు దిద్దుతుంటే ఎనిమిదో తరగతి పిల్లాడు చివరి పేజీలో పెన్సిల్‌తో "మా నాన్న ఇంటికి రావట్లేదు టీచర్" అని రాసి ఉన్నాడు. మెట్రోలో అమీర్‌పేట దాటినా ఆ పేజీయే కళ్లముందు. ఇంటికొచ్చి మా పాప మీద ఊరికే కేకలేశాను.

మీకూ ఇలా అవుతుంటే లోపల దాచుకోకండి. ఇది చేతకానితనం కాదు. ఎడతెగని పని ఒత్తిడి వల్లే బర్నవుట్ (మనసు, ఒళ్లు పూర్తిగా అలసిపోవడం) వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. రాత్రి 8 తర్వాత పేరెంట్స్ మెసేజ్‌లు చూడటం మానేశాక నాకు కాస్త నిద్ర పడుతోంది. మరీ భారంగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆదివారం ఉదయం 7కి ఇందిరా పార్కు గేటు దగ్గర ఉంటాను. వీలైనవాళ్లు రండి.