మంచు కింద పూడిపోయిన జాలీలు తెరిపించండి

మా టౌన్ పబ్లిక్ వర్క్స్ డైరెక్టర్ గారికి,

నమస్కారం. ఇంగ్లీషులో రాసిన ఉత్తరం ఇదివరకే మీ ఆఫీసుకి పంపాను. న్యూజెర్సీలో ఉంటున్న మా తెలుగువాళ్ళు కూడా చదవాలని అదే విషయం ఇక్కడ బహిరంగంగా రాస్తున్నాను.

మొన్న ఒక రోజు మన టౌన్‌లో 8 అంగుళాల స్నో పడింది. తెల్లవారేసరికి మీ ట్రక్కులు రోడ్లన్నీ శుభ్రం చేశాయి. ఆ చలిలో రాత్రంతా పనిచేసినవాళ్ళకి దణ్ణం పెట్టాలి. కానీ తోసిన మంచంతా కర్బ్ (రోడ్డు అంచు గట్టు) పక్కన గుట్టలు పడింది. వాననీరు దిగే ఇనుప జాలీలు ఉండేది సరిగ్గా అక్కడే. సాయంత్రం మళ్ళీ మొదలైన స్నో చూస్తుండగానే వానగా మారింది.

రాత్రి పదకొండింటికి బేస్‌మెంట్‌లో నీళ్ళ చప్పుడు. అక్కడ చేరే నీళ్ళని బయటికి తోడే సంప్ పంప్ ఆగకుండా తిరుగుతూనే ఉంది. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు సోనామసూరి బస్తాలు తడవకుండా ఒక్కొక్కటే మెట్ల మీదికి ఈడుస్తున్నారు. ఆ వయసులో ఆవిడ్ని అలా చూస్తే ప్రాణం ఉసూరుమంది. నేను, ఎదురింటాయన పారలు పట్టుకుని బయటికి పరిగెత్తాం. రోడ్డు మీద పిక్కల దాకా నీళ్ళు, అందులో సగం కరిగిన మంచు. జాలీ ఎక్కడుందో కనబడదు. అందాజుగా పొడుచుకుంటూ పోతే చివరికి పార తగిలి ఠంగుమంది. మంచు పెళ్ళలు లాగేసరికి నీళ్ళు సుడి తిరుగుతూ లోపలికి దిగాయి. గంటలో రోడ్డు తేలింది.

అంటే పైపులు బాగానే ఉన్నాయండీ, నోరే పూడుకుపోయింది.

స్నో మీద వాన పడితే ఏమవుతుందో ఈ ప్రాంతానికి తెలియంది కాదు. 1996 జనవరిలో ఫిలడెల్ఫియాలో 30.7 అంగుళాల స్నో పడింది. రెండు వారాలు తిరక్కుండానే వెచ్చటి గాలి, వాన వచ్చి పెన్సిల్వేనియాలో మంచంతా ఒక్కసారిగా కరిగింది. సస్క్వెహన్నా నది పొంగి హారిస్‌బర్గ్‌లో వాల్‌నట్ స్ట్రీట్ వంతెన కొంత భాగం కొట్టుకుపోయింది. 2024 జనవరిలో మన రాష్ట్రంలోనే ఆదివారం స్నో, మంగళవారం రాత్రి జోరువాన. పసాయిక్ నది పొంగి పాటర్సన్, లిటిల్ ఫాల్స్ వీధుల్లోకి నీళ్ళొచ్చాయి. 10 అంగుళాల తాజా స్నో కరిగితే దాదాపు 1 అంగుళం వాన పడినట్టే. దానికి పైనుంచి పడే వాన తోడవుతుంది. గడ్డకట్టిన నేలలో నీళ్ళు ఇంకవు.

నదుల్ని మీరు ఆపలేరు, నిజమే. వీధి జాలీలు మాత్రం మీ చేతిలో పనే. స్నో వెనకాలే వాన ఉందని వాతావరణ శాఖ ముందే చెబుతోంది. ఆ మధ్యలో దొరికే ఒక్క పూటలో పల్లపు వీధుల్లో జాలీల మీద మంచు తీయించండి. మంటలార్పడానికి నీళ్ళు పట్టే ఫైర్ హైడ్రెంట్ల దగ్గర ఎత్తుగా గుర్తు పెడతారు కదా, అలాంటిదే జాలీ పక్కన కూడా పాతిస్తే ట్రక్కు నడిపేవాళ్ళకీ, పార పట్టుకున్న మాకూ కనబడుతుంది.

మా ఇంటి ముందు జాలీ మేమే చూసుకుంటాం. స్కూలు దగ్గర పల్లంలో ఉన్న రెండూ మాత్రం మనిషెత్తు గుట్టల కింద ఉన్నాయి. వాటికి మా పారలు చాలవు, మంచు ఎత్తే లోడర్ బండి పంపండి.

ఇట్లు,
మీ టౌన్‌లో ఉంటున్న ఒక తెలుగు కుటుంబం