విషయం: 1950ల సూటీ బొమ్మ అని చెప్పి వేరేది పంపారు, నా డబ్బులు వాపసు ఇవ్వండి

నమస్తే అండి,

మీ షాపు నడిపేది మనవాళ్ళేనని ఫోన్‌లో మాట్లాడినప్పుడు తెలిసింది, అందుకే తెలుగులోనే రాస్తున్నా. మీ వెబ్‌సైట్‌లో "1950ల నాటి చాడ్ వ్యాలీ సూటీ, చేతికి తొడుక్కునే బొమ్మ, ఒరిజినల్" అని పెడితే, చాడ్ వ్యాలీ బొమ్మల కంపెనీ చేసిన ఆ పాత టీవీ ఎలుగుబంటి బొమ్మే అని నమ్మి 120 పౌండ్లు పెట్టి కొన్నా. వచ్చింది అది కాదు.

బొమ్మ లోపల కుట్టులో చిన్న ట్యాగ్ ఉంది, దాని మీద సీఈ మార్క్ (యూరప్ భద్రతా నిబంధనలకి సరిపోతుందని వేసే గుర్తు) ఉంది. యూరప్‌లో బొమ్మల మీద ఆ మార్క్ రావడం మొదలైందే 1990 టైమ్‌లో, మరి 1950ల బొమ్మకి అదెలా వచ్చిందండీ? పైగా మీ ఫోటోలో ఉన్నదానికి కుడిచెయ్యి దగ్గర బొచ్చు ఊడిపోయి లోపలి గుడ్డ కనిపిస్తోంది, నాకొచ్చినదానికి బొచ్చు ఎక్కడా ఊడలేదు, నిండుగా ఉంది, అంటే ఫోటో ఒకదానిది పంపింది ఇంకోటి. చెవులు తడిగుడ్డతో కొంచెం తుడిస్తే నల్లరంగు గుడ్డకి అంటుకుంది, అంటే ఆ రంగు తర్వాత ఎవరో పూసినట్టుంది.

సూటీ అంటేనే ఆ నల్ల చెవులు కదండీ. హ్యారీ కార్బెట్ 1948లో బ్లాక్‌పూల్ నార్త్ పియర్‌లో కొన్న మామూలు పసుపు ఎలుగుబంటి బొమ్మ అది, బ్లాక్ అండ్ వైట్ టీవీలో బాగా కనపడాలని చెవులకి, ముక్కుకి మసి పూశాడాయన. 1952లో బీబీసీలో వచ్చాక ఈ దేశంలో పిల్లలందరికీ అదంటే పిచ్చి. నేను కొన్నది కూడా అలా ఆ షో చూస్తూ పెరిగిన మా పక్కింటి పెద్దావిడ కోసమే, ఆవిడ చిన్నప్పటి సూటీ ఇల్లు మారేటప్పుడు ఎక్కడో పోయిందట, ఇప్పటికీ చెప్తూ ఉంటుంది. మా పిల్లల్ని సొంత మనవల్లా చూసుకున్న మనిషి. ఆవిడకి ఇలాంటిది ఇవ్వడానికి నాకు మనసొప్పట్లేదు.

మీ స్టాఫ్‌ని అడిగితే డబ్బా మీద చాడ్ వ్యాలీ అని ఉంది కదా, పాతదే అన్నారు. ఆ పేరు 1988లో వూల్‌వర్త్స్ షాపుల చేతికి, 2009లో ఆర్గోస్ షాపుల వాళ్ళ చేతికి వెళ్ళింది, పేరు చూసి వయసు ఎలా చెప్తారు? పాత వస్తువులకి రిటర్న్ లేదు అని కూడా అన్నారు, అది అసలు కుదరదు. 2015 కన్జ్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం సెకండ్ హ్యాండ్ అయినా సరే, షాపువాళ్ళు అమ్మింది చెప్పినట్టు లేకపోతే 30 రోజుల్లోపు తిప్పి పంపి మొత్తం డబ్బులు అడగొచ్చు, నేను ఆ గడువులోనే అడుగుతున్నా.

ఫోటోలో ఉన్న అసలు బొమ్మ నిజంగా మీ దగ్గరుంటే దాన్నే పంపండి, ఇప్పటికీ నాకు కావాల్సింది అదే. లేదంటే పోస్టేజ్‌తో సహా 120 పౌండ్లు వాపసు వెయ్యండి, దీన్ని తిప్పి పంపే ఖర్చు కూడా మీరే పెట్టుకోవాలి. ఆ లిస్టింగ్ ఇంకా సైట్‌లోనే ఉంది, ముందు అది తీసెయ్యండి, ఇంకెవరైనా కొంటారు. ట్యాగ్, చెవులు, చెయ్యి ఫోటోలు దీంతో పాటే పెట్టాను. క్రెడిట్ కార్డుతో కట్టాను కాబట్టి మీరు వారంలో జవాబివ్వకపోతే కన్జ్యూమర్ క్రెడిట్ యాక్ట్ సెక్షన్ 75 కింద (కార్డు ఇచ్చిన బ్యాంకుకీ బాధ్యత ఉంటుందనే నిబంధన) బ్యాంకుకి క్లెయిమ్ పెడతా, అమ్మకాల్లో మోసాలు చూసే ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కి కూడా కంప్లయింట్ ఇస్తా.

ఇట్లు,
మీ కస్టమర్