తనిఖీ మంచం దగ్గర మొదలవ్వాలి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నర్సింగ్ హోమ్ అంటే మన వాడుకలో చిన్న ప్రైవేటు ఆసుపత్రి. ఈ లేఖ దాని గురించి కాదు. లేవలేని, తమంతట తాము తినలేని, ఒక్కోసారి సొంత పేరు కూడా గుర్తుకురాని పెద్దవాళ్లు ఏళ్ల తరబడి ఉండే సంరక్షణ కేంద్రాల గురించి. అలాంటి చోట్ల పనిచేసే నర్సులం, ఆయాలం, ఫిజియోథెరపిస్టులం, ఫార్మసిస్టులం కలిసి రాస్తున్నాం. అడిగేది ఒక్కటే: తనిఖీ ఆఫీసు గదిలో కాదు, మంచం దగ్గర మొదలవ్వాలి.

ఆఫీసు గదిలో చూపించేవి లైసెన్సు, డ్యూటీ చార్టు, రిజిస్టర్లు. అవన్నీ అవసరమే. కానీ రిజిస్టరు రాసేది పని చేయాల్సినవాళ్లే. పని జరగకపోయినా టిక్కు పడుతుంది. ముందు రోజు ఫోన్ వెళ్లిందంటే ఆ రాత్రే దుప్పట్లు మారతాయి, సెలవులో ఉన్న ఆయాలు డ్యూటీకి వస్తారు, మంచానికి కట్టిన చేతుల ముడులు విప్పుతారు. అమెరికాలో (అక్కడ నర్సింగ్ హోమ్ అంటే ఇలాంటి సంరక్షణ కేంద్రమే) 1987లో వచ్చిన నర్సింగ్ హోమ్ సంస్కరణల చట్టం తనిఖీ చెప్పకుండా జరగాలని, రెండు తనిఖీల మధ్య 15 నెలలు దాటకూడదని పెట్టింది. తేదీని ముందుగా చేరవేసిన వ్యక్తికి జరిమానా కూడా అందులోనే ఉంది. ఆ చివరి మాట చాలా ముఖ్యం. కబురు అందించేవాళ్లను వదిలేస్తే ఆకస్మిక తనిఖీ పేరుకే మిగులుతుంది.

బృందం వెళ్లాల్సిన వేళ తెల్లవారుజామున నాలుగు గంటలు. ఎందుకో ఒక లెక్కతో చెప్తాం. మంచం పట్టినవాళ్లు 20 మంది, రాత్రి డ్యూటీలో ఇద్దరు ఆయాలు ఉన్నారనుకోండి. పడకపుండ్లు పడే ప్రమాదం ఉన్నవాళ్లను సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని చార్టు చెప్తుంది. ఒక మనిషిని చర్మం రాపిడికి గురికాకుండా తిప్పాలంటే ఇద్దరు కావాలి. డైపర్ మార్చి, తుడిచి, దిండ్లు సర్దేసరికి ఆరు నిమిషాలు తక్కువ కాదు. 20 మందికి 120 నిమిషాలు. ఇద్దరూ కూర్చోకుండా తిరిగితే మొదటి చుట్టు ముగిసే క్షణానికే రెండో చుట్టు మొదలవ్వాలి. మధ్యలో ఎవరూ బెల్లు కొట్టకూడదు, పడిపోకూడదు, వాంతి చేసుకోకూడదు. ఇది జరిగే పని కాదు. అయినా పొద్దున చూస్తే చార్టులో 10, 12, 2, 4 గంటల గళ్లన్నీ నిండి ఉంటాయి, ఒకే చేతిరాత, ఒకే సిరా. నిండిన చార్టును చూసి తనిఖీ అధికారి తృప్తి పడకూడదు. ఇంతమంది సిబ్బందితో ఇది సాధ్యమా అని అక్కడే లెక్క వేయాలి.

తర్వాత దుప్పటి తీసి చర్మం చూడాలి. అనుమతి అడిగి, తెర వేసి, నర్సు చేత చూపించుకోవాలి. నడుము కింది ఎముక, తుంటి, మడమలు, చీలమండలు, మోచేతులు, తల వెనక భాగం: పుండు పుట్టే చోట్లు ఇవే. మొదటి దశలో చర్మం తెగదు. ఎర్రటి మచ్చ కనిపిస్తుంది, వేలితో నొక్కితే తెల్లబారదు. చామనఛాయ, నల్లటి చర్మం మీద ఆ ఎరుపు కంటికి దొరకదు. చుట్టుపక్కల కన్నా వేడిగానో చల్లగానో, గట్టిగానో మెత్తగానో ఉందా అని చేత్తో తాకి తెలుసుకోవాలి. ఇది తెలియని బృందం మొదటి దశ పుండ్లన్నీ వదిలేసి వస్తుంది. మడమలకు సరైన పద్ధతి పిక్కల కింద దిండు పెట్టి మడమను గాల్లో ఉంచడం. చాలాచోట్ల ఇంకా కనిపించే రబ్బరు రింగు మేలు కన్నా కీడే చేస్తుంది, రింగు అంచు చుట్టూ ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ తగ్గుతుంది. గాలి పరుపు ఉంది కదా అని కూడా ఆగిపోవద్దు. పంపు మీద ఉన్న మీటను మనిషి బరువుకు తగ్గట్టు పెట్టాలి. 45 కిలోల మనిషి కింద 90 కిలోల సెట్టింగు ఉంటే ఆ పరుపు చెక్కబల్లతో సమానం. మీట మీది అంకెనూ బరువు రిజిస్టరునూ పక్కపక్కన పెట్టి చూడటానికి అర నిమిషం చాలు.

బరువు రిజిస్టరు మాట వచ్చింది కాబట్టి: నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం బరువు తగ్గితే డాక్టరు చూసి తీరాలి. నాలుగు నెలలుగా ఒకే అంకె, దశాంశంతో సహా మారకుండా ఉంటే ఎవరూ తూచలేదని అర్థం. నిలబడలేనివాళ్లను తూచడానికి వీల్‌చైర్ తూకం ఉందా, అది పనిచేస్తుందా అని అడగాలి. ఆ పరికరమే లేని చోట మంచం పట్టినవాళ్ల బరువు రాసి ఉంటే ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో నిర్వాహకులు చెప్పాలి.

భోజనం వేళ ఇంకో లెక్క. మింగడం కష్టమైన మనిషికి తినిపించాలంటే అరగంట పడుతుంది. నిటారుగా కూర్చోబెట్టాలి, చిన్న ముద్ద పెట్టాలి, మింగిందాకా ఆగాలి, తిన్నాక మరో అరగంట పడుకోబెట్టకూడదు. ఒక ఆయాకు ఎనిమిది మందిని అప్పగిస్తే నాలుగు గంటల పని. దాన్ని గంటలో ముగించారంటే ముద్దలు కుక్కారు, లేదా పళ్లెం సగంలో ఎత్తేశారు. పొలమారిన ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా అవుతుంది. చావుకు కారణం రాసేటప్పుడు మాత్రం వృద్ధాప్యం అని రాస్తారు. ఎవరికి ఎంత చిక్కటి ఆహారం పెట్టాలో వంటగదిలో రాసి ఉందా, అదే మంచం దగ్గరికి వస్తోందా, నీళ్ల గ్లాసు చేతికి అందే దూరంలో ఉందా అని చూడాలి. గది మూల బల్ల మీద నిండుగా ఉన్న గ్లాసు తాగిన నీళ్ల లెక్కలోకి రాదు.

మందుల దగ్గర చార్టు చదవడం కన్నా మాత్రలు లెక్కపెట్టడం మేలు. ముగ్గురిని ఎంచుకోండి, నిర్వాహకులు చూపించినవాళ్లను కాకుండా. మొదట ఉన్న నిల్వకు వచ్చిన మాత్రలు కలిపి, ఇచ్చినట్టు టిక్కు పెట్టినవి తీసేస్తే ఎన్ని మిగలాలో అన్నే డబ్బాలో ఉండాలి. ఎక్కువ మిగిలాయంటే ఇవ్వకుండానే టిక్కు పెట్టారు. తక్కువ ఉంటే అంతకన్నా పెద్ద ప్రశ్న, ముఖ్యంగా మార్ఫిన్ లాంటి మందులైతే. ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఇప్పటి అంకె ఒక్కటే చాలదు, రాత్రి ఎంతవరకు పోయిందో చూపించే థర్మామీటరు ఉండాలి. తెరిచిన ఇన్సులిన్ మీద తెరిచిన తేదీ లేకపోతే దాని గడువు ఎవరికీ తెలియనట్టే. చాలా రకాలు తెరిచాక 28 రోజులకు మించి వాడకూడదు. మాత్ర మింగలేనివాళ్లకు అన్నీ కలిపి నూరి ఇచ్చే అలవాటు ఉందేమో అడగండి. నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్రను నూరితే రోజంతటి మోతాదు ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది.

మత్తు మందుల గురించి విడిగా చెప్పాలి. డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తీ ఆలోచనా తగ్గిపోయే జబ్బు, ఉన్న పెద్దాయన రాత్రి తిరుగుతాడు, అరుస్తాడు. సిబ్బంది చాలనిచోట దానికి సులువైన దారి తీవ్ర మానసిక జబ్బులకు వాడే హాలోపెరిడాల్ లేదా క్వెటయాపిన్. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఇవి మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ క్వెటయాపిన్ తరగతి మందులపై 2005లోనే, హాలోపెరిడాల్ లాంటి పాత మందులపై 2008లో తీవ్ర హెచ్చరిక ఇచ్చింది. ఇలాంటి మందు వాడుతున్న ప్రతి ఒక్కరికీ ఎవరు మొదలుపెట్టారు, ఏ లక్షణానికి, చివరిసారి ఎప్పుడు సమీక్షించారు అన్న మూడు జవాబులు ఫైల్లో ఉండాలి. అంతకు ముందు మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నొప్పి ఉన్నాయేమో చూశారా? చెప్పుకోలేని మనిషికి నొప్పి అరుపుగానే బయటికి వస్తుంది. కట్టు అంటే తాడొక్కటే కాదు. లేవనీయకుండా బల్ల బిగించిన కుర్చీ, చేతికి అందకుండా దాచిన వాకర్, నిద్రపుచ్చే మాత్ర, ఇవన్నీ కట్లే. మంచం కమ్మీలు కూడా. కమ్మీల మధ్య సందు 120 మిల్లీమీటర్లకు తక్కువే ఉండాలి, లేకపోతే తల ఇరుక్కుంటుంది. పరుపు మీద ఇంకో పరుపు వేస్తే కమ్మీ ఎత్తు తగ్గి, మనిషి దాని మీదుగా దొర్లి మరింత ఎత్తు నుంచి పడతాడు.

ఇక నీళ్లు. ఇక్కడ రెండు ప్రమాదాలు ఎదురెదురుగా నిలబడతాయి. నిల్వ నీళ్లు 20 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే ప్రమాదకరమైన న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది, కాబట్టి ట్యాంకులో వేడినీళ్లు 60 డిగ్రీల దగ్గర ఉండాలి. అదే 60 డిగ్రీల నీళ్లు ముసలి చర్మాన్ని కొద్ది సెకన్లలోనే కాలుస్తాయి. అందువల్ల నిల్వ వేడిగానే ఉంచి, స్నానాల గది కొళాయి దగ్గర వేడిని కలిపి తగ్గించే వాల్వు పెట్టి, బయటికి వచ్చేవి 44 డిగ్రీలు దాటకుండా చూడాలి. కాలిన ఘటన జరగగానే భయపడి ట్యాంకు వేడినే తగ్గించే కేంద్రాలు ఒక ముప్పు తీసేసి ఇంకొకటి తెచ్చుకుంటున్నాయి. అధికారి దగ్గర థర్మామీటరు ఉండాలి. ట్యాంకుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న కొళాయినీ, దగ్గరగా ఉన్న కొళాయినీ తిప్పి కొలవాలి. ఖాళీ గదుల కొళాయిలు వారానికోసారి తిప్పి వదులుతున్నారో లేదో కూడా అడగాలి.

నిప్పు విషయంలో సర్టిఫికెట్టు తేదీ చూసి వదిలేయడం మాకు అన్నిటికన్నా భయం కలిగించేది. 2004 జనవరి 31 తెల్లవారుజామున స్కాట్లండ్‌లోని ఉడింగ్‌స్టన్‌లో ఒక సంరక్షణ కేంద్రం అలమరలో నిప్పు పుట్టి 14 మంది చనిపోయారు. పడక గదుల తలుపులు చాలావరకు తెరిచే ఉన్నాయి, పొగ తిన్నగా లోపలికి పోయింది. అగ్నిమాపక దళానికి ఫోన్ వెళ్లడం ఆలస్యమైంది. కాబట్టి తలుపులు వాటంతట అవే మూసుకుంటున్నాయా, కింద చెక్కముక్క పెట్టి ఆపారా చూడండి. అలారం మోగితే ప్యానెల్ మీద ఏ దీపం ఏ భాగమో రాత్రి ఆయాను అడిగి చూపించమనండి. పగటి సిబ్బంది అందరితో చేసిన మాక్ డ్రిల్ లెక్కలోకి తీసుకోవద్దు. రాత్రి ఉండే ఇద్దరితోనే ఒక విభాగంలోని వాళ్లందరినీ నిప్పును, పొగను ఆపే తలుపు అవతలికి తరలించి చూపించాలి. మెట్ల మీదుగా దించడం కన్నా అదే అంతస్తులో తలుపు దాటించడం ముందు చేయాల్సిన పని.

కరెంటు పోయినప్పుడు ఏం జరుగుతుందో కూడా ఇలాగే చేయించి చూడాలి. 2017లో ఇర్మా తుఫాను తర్వాత ఫ్లోరిడాలోని ఒక కేంద్రంలో ఎయిర్ కండిషనింగ్ ఆగిపోయి, వేడికి 12 మంది ప్రాణాలు పోయాయి. ఆసుపత్రి పక్కనే ఉన్నా సమయానికి తరలించలేదు. ఎప్పుడు తరలించాలో ముందే రాసుకున్న గీత లేకపోతే ప్రతి ఒక్కరూ ఇంకో గంట చూద్దాం అనుకుంటారు. జనరేటరుకు ఏవేవి కలిపారు? ఆక్సిజన్ యంత్రం, గాలి పరుపులు, గొంతులోని కఫం లాగే సక్షన్ యంత్రం దాని మీద నడుస్తాయా? సక్షన్ యంత్రాన్ని ఆన్ చేయించండి. గొట్టం లేని యంత్రాలు, ఛార్జి లేని బ్యాటరీలు అక్కడే బయటపడతాయి.

కాల్ బెల్లును అధికారే మంచం దగ్గర నొక్కి వాచీ చూసుకోవాలి. మోగకుండా వైరు చుట్టేసి పైన వేలాడదీసిన బెల్లులు కనిపిస్తాయి. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు మేనేజరు గదిలో ఉండకూడదు. మాట్లాడలేనివాళ్ల హాల్లో ఒక మూల 20 నిమిషాలు కూర్చోండి. ఎవరు ఎవరిని పేరుతో పిలుస్తున్నారు, వీల్‌చైరు తోసే ముందు చెప్పి తోస్తున్నారా, ఒక మనిషి ఎంతసేపు తడి బట్టల్లో ఉంటోంది, ఇవన్నీ ఏ రిజిస్టరులోనూ దొరకవు.

సిబ్బంది సంఖ్యకు డ్యూటీ చార్టును నమ్మవద్దు, జీతాల ఖాతా చూడండి. అమెరికా 2016 నుంచి కేంద్రాలు స్వయంగా చెప్పుకునే లెక్క బదులు జీతాల రికార్డుల నుంచి సిబ్బంది గంటలు సేకరిస్తోంది. పేరు చార్టులో ఉండి జీతం ఖాతాలో లేకపోతే ఆ మనిషి ఆ రాత్రి అక్కడ లేనట్టే. నిజం చెప్పిన ఆయా ఉద్యోగం మర్నాడు పోకుండా కాపాడే నిబంధన కూడా కావాలి. ఆమె చెప్పే పది నిమిషాల మాట ఒక రోజు తనిఖీకి సమానం.

తనిఖీ తర్వాతి సంగతి. ప్రాణాపాయం ఉన్న లోపాలు, అంటే మూసిన అత్యవసర ద్వారం, కాల్చే నీళ్లు, తప్పుడు మోతాదు లాంటివి, బృందం అక్కడుండగానే సరిదిద్దించాలి. మిగతావాటికి గడువు ఇచ్చి, గడువు తర్వాత మళ్లీ చెప్పకుండా వెళ్లాలి. దిద్దామని వచ్చిన ఉత్తరాన్ని చాలనుకోవద్దు. నివేదిక కుటుంబాలు చదవగలిగే తెలుగులో, గ్రేడుతో సరిపెట్టకుండా, ఏం చూశారో వివరంగా అందరికీ అందుబాటులో పెట్టాలి. ఒక్కరోజులో కేంద్రాన్ని మూసేయడం మాత్రం చివరి మార్గంగానే ఉంచండి. డిమెన్షియా ఉన్నవాళ్లను హడావుడిగా కొత్త చోటికి మారిస్తే వాళ్లు తిండి మానేస్తారు, పడిపోతారు. మూసేలోపు బయటి నర్సులను పంపి నడిపించే ఏర్పాటు మీ శాఖ దగ్గర సిద్ధంగా ఉండాలి.

ప్రతి తనిఖీ బృందంలో మంచం పక్కన పనిచేసిన నర్సు ఒకరు, ఫార్మసిస్టు ఒకరు తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇవ్వండి. వాళ్ల సంచిలో థర్మామీటరు, కొలత టేపు, టార్చి, వాచీ ఉండాలి. తనిఖీ పత్రాన్ని మంచం దగ్గర నింపేలా తిరగరాయడానికి మీ అధికారులతో కూర్చుని పనిచేయడానికి మేం సిద్ధం. తేదీ చెప్పండి.

ఇట్లు,
వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో పనిచేస్తున్న నర్సులు, ఆయాలు, ఫిజియోథెరపిస్టులు, ఫార్మసిస్టులు