మామా, ఆ గుడ్డు గాలికి తిరుగుతుందిరా!

ఒరేయ్ మామా,

ముందే తిట్టకు. నీ ఉత్తరం వచ్చి ఎంత కాలమైందో నాకూ తెలుసు. జవాబు మొదలుపెట్టడం, సగంలో ఎవరో పిలవడం, ఆ కాగితం కాస్తా కనపడకుండా పోవడం, ఇదే కథ. క్షమించెయ్. అందరం బాగున్నాం, ఇల్లు మారాం, ఉద్యోగం ఎప్పట్లాగే ఏడుస్తోంది, చిన్నాడి పరీక్షలు అయిపోయాయి, నా మోకాలు దారికొచ్చింది. వార్తలు సమాప్తం. ఇప్పుడు అసలు సంగతికి వస్తా, ఇది ఎవరికైనా చెప్పకపోతే కడుపు ఉబ్బి పోయేలా ఉన్నాను.

గుడ్డు.

నవ్వకు, పూర్తిగా విను. కోడిగుడ్డు మీద ఈకలు పీకడంలో నీకు డాక్టరేట్ ఇచ్చింది నేనే, ఒప్పుకుంటాను. కానీ ఈసారి పీకేది నేను, అదీ అల్యూమినియం గుడ్డు మీద.

కెనడాలో ఆల్బెర్టా అని ఒక రాష్ట్రం, అందులో వెగ్రవిల్ అని చిన్న ఊరు. ఎప్పుడో ఉక్రెయిన్ నుంచి వలస వచ్చిన రైతుల కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. 1970లలో అక్కడి గుర్రపు పోలీసు దళానికి నూరేళ్ల వేడుక వచ్చింది. ఆ సందర్భానికి ఏదో ఒక స్మారకం కట్టాలి కదా. ఇంకెవరైనా అయితే గుర్రం మీద పోలీసు విగ్రహం పెడతారు. వీళ్లు గుడ్డు పెట్టారు! నిజంగానేరా. ఉక్రెయిన్ వాళ్లు ఈస్టర్‌కి ముందు గుడ్ల మీద మైనంతో ముగ్గులు రాసి రంగులు అద్దుతారు, దాన్ని పిసాంకా అంటారు. ఆ పిసాంకానే దాదాపు 7.8 మీటర్ల పొడవున, రెండు టన్నుల పైచిలుకు బరువుతో కట్టి స్తంభం మీద నిలబెట్టారు. 1975 నాటిది, ఇప్పటికీ ఉంది. పైగా గాలి ఎటు వీస్తే అటు తిరుగుతుంది. అంత బరువున్న గుడ్డు గాలికి తిరగడం ఏమిటని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్ము.

ఇంతవరకూ వింతే. అసలు మజా ఆ గుడ్డు కట్టిన మనిషి దగ్గర ఉంది. పేరు రొనాల్డ్ రెష్. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ వైపు పనిచేసేవాడు, కాగితం మడతలంటే పిచ్చి. మామూలు పడవలూ కప్పలూ కాదు, ఒక కాగితాన్ని ఒకే రకం మడతలతో నింపేసి, దాన్ని గుమ్మటంలా పైకి ఉబ్బించేవాడు. ఆయన పేరుతోనే ఒక మడత పద్ధతి ఉంది. అలాంటివాడి చేతిలో ఈ గుడ్డు పెట్టారు. అక్కడ మొదలైంది టెన్షన్.

బంతికి లెక్క ఉంది. బంతిని సాగదీసి రెండు కొనలూ సమానంగా చేస్తే దానికీ లెక్క ఉంది. గుడ్డు అలా కాదుగా, ఒక కొన మొద్దు, ఇంకో కొన సన్నం, మధ్యలో వంపు ఎక్కడికక్కడ మారిపోతూ ఉంటుంది. ఆయనకి సరిపడే రెడీమేడ్ లెక్క దొరకలేదు. తనే కంప్యూటర్ ముందు కూర్చుని తేల్చుకోవాల్సి వచ్చింది, అదీ 1970ల కంప్యూటర్ మీద! (మనకి సున్నా మార్కులకి కళ్లూ మీసాలూ పెట్టి గుడ్డు బొమ్మ గీసి ఇచ్చిన లెక్కల మాస్టారు గుర్తొచ్చాడు. నీ కాగితం మీద గుడ్డుకి టోపీ కూడా ఉండేది. ఆ మనిషి తన కాలానికి ముందున్నాడురా.)

ఇంకో చిక్కు ఏమిటంటే రేకు చదునుగా ఉంటుంది. బంతికి గిఫ్ట్ పేపర్ చుట్టి చూడు, ఎక్కడో ఒకచోట ముడతలు పడి తీరతాయి, ఎందుకంటే అది రెండు వైపులా వంగాలి, కాగితం ఒక వైపే వంగుతుంది. రెష్ ఏం చేశాడంటే, ఒక్క రేకునీ గుండ్రంగా వంచాలని చూడలేదు. ముక్కలు చేశాడు. 2,208 త్రిభుజాలు, అన్నీ సమభుజాలవే, ఒక్కదానికీ ఇంకోదానికీ తేడా లేదు. వాటి మధ్య 524 నక్షత్రాల ముక్కలు. ఈ నక్షత్రాల వెడల్పు మాత్రం చోటుని బట్టి కొద్దికొద్దిగా మారుతుంది. ముక్కకీ ముక్కకీ మధ్య వంపు గుడ్డు నడుము దగ్గర ఒక డిగ్రీ కూడా ఉండదు, కొన దగ్గర ఏడు డిగ్రీల దాకా వెళ్తుంది. అంతే! ఆ పిసరంత వంపులన్నీ కలిస్తే గుడ్డు. త్రిభుజాలు మారకుండా నక్షత్రాలు సర్దుకోవడం అనే ఆ ఒక్క ఆలోచన కోసం ఆ మనిషికి దండం పెట్టొచ్చు. దగ్గరికెళ్లి చూస్తే అన్నీ చదును ముక్కలు, 6,978 నట్లూ బోల్టులూ. దూరం నుంచి చూస్తే బంగారం, వెండి, కంచు రంగుల్లో నున్నటి పిసాంకా.

అన్నట్టు, పక్షుల గుడ్ల ఆకారాలన్నిటికీ పనికొచ్చే ఒకే సూత్రం ఎప్పుడొచ్చిందో చెప్పు చూద్దాం. 2021! నరూషిన్, రొమానోవ్, గ్రిఫిన్ అని ముగ్గురు శాస్త్రవేత్తలు ప్రకటించారు. నాలుగు కొలతలు ఇస్తే చాలు, గుడ్డు గీసేస్తుంది. మనుషులేమో దక్షిణాఫ్రికాలో డీప్‌క్లూఫ్ అనే రాతి ఆవాసంలో 60,000 ఏళ్ల కిందటే నిప్పుకోడి గుడ్డు పెంకుల మీద గీతలు చెక్కారు, గళ్లు గళ్లుగా, వరసగా. నీళ్లు పోసుకునే సీసాల్లా వాడి ఉంటారట వాటిని. ఆకారం లెక్క తేలడానికి ఇంత కాలం, దాని మీద గీతలు గీయడానికి మాత్రం ఎవరూ ఆగలేదు. దీని మీద ఇంకా ఏదో అనాలని ఉంది, మాట దొరకడం లేదు, నువ్వే ఏదో ఒకటి అనుకో.

పిసాంకా ఎలా చేస్తారో చెప్పలేదు కదూ. తెల్ల గుడ్డు తీసుకుని, కిస్త్కా అనే చిన్న గరాటు ముక్కు ఉన్న పుల్లతో కరిగిన తేనెమైనం గీతలు గీస్తారు. ఆ గీత కింద తెలుపు దాక్కుంటుంది. పసుపు రంగులో ముంచుతారు. పసుపు ఎక్కడ మిగలాలో అక్కడ మళ్లీ మైనం. తర్వాత నారింజ, ఎరుపు, చివరికి నలుపు. అంటే వేసేది రంగు కాదు మామా, కాపాడుకునేది! చివర్లో చేతిలో మసిబారిన నల్ల ముద్ద తప్ప ఏమీ ఉండదు. అప్పుడు కొవ్వొత్తి పక్కన వెచ్చచేసి గుడ్డతో తుడుస్తుంటే ఒక్కో రంగూ బయటికొస్తుంది. వీడియో చూస్తూ నేను పెట్టిన కేకకి పక్క గదిలోంచి పరిగెత్తుకొచ్చారు.

ఉక్రెయిన్‌లో హుత్సుల్ అనే కొండ జనంలో ఒక కథ ఉంది. ఎక్కడో ఒక దుష్టశక్తిని గొలుసులతో కట్టేశారట. ఆ ఏడాది ఎన్ని పిసాంకాలు రాశారో లెక్క వాడికి అందుతుంది. తక్కువైతే గొలుసు వదులవుతుంది, ఎక్కువైతే బిగుస్తుంది. సోవియట్ కాలంలో ఇది మతాచారమని అణిచేశారు, దేశం విడిచి వెళ్లిన కుటుంబాలు ఎక్కడెక్కడో కూర్చుని రాస్తూనే ఉన్నాయి. వెగ్రవిల్ గుడ్డు అందుకే ఉత్త వింత కాదనిపించింది. ఉక్రెయిన్‌లో యుద్ధం మధ్యలోనే, 2024 డిసెంబర్‌లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో ఈ పిసాంకా కళని చేర్చింది. అది చదివి కాసేపు ఏమీ చేయబుద్ధి కాలేదు. సరే, వదిలెయ్.

నీకు పక్షులంటే ఇష్టం కదా, నీ కోసం ఒకటి దాచాను. 2017లో మేరీ స్టొడార్డ్ అనే శాస్త్రవేత్త బృందం 1,400 జాతుల గుడ్లు, దాదాపు 50,000, కొలిచి చూసింది. బాగా ఎగిరే పక్షుల గుడ్లు సాగినట్టుగా, ఒక కొన సన్నగా ఉంటున్నాయట. ఆకారం ఇచ్చేది పెంకు కాదు, లోపలి పొరే అని కూడా అన్నారు. కొండ అంచున పెట్టిన గుడ్డు దొర్లిపోకుండా సన్నగా ఉంటుందని నువ్వు పందెం కాశావే, ఆ విషయం ఇంకా తేలలేదు, కాబట్టి పందెం డబ్బు అడక్కు.

అయ్యో, ముఖ్యమైనది మర్చిపోతున్నా. పాతకాలం వాళ్లు పిసాంకాకి పచ్చి గుడ్డే వాడేవారు, లోపలి సొన తీయకుండా. పెంకులో వేల కొద్దీ సన్నటి రంధ్రాలు ఉంటాయి కదా, వాటిలోంచి ఏళ్ల తరబడి తేమ పోయి సొన ఎండిపోతుంది. కానీ ఎండలో పెట్టినా, పైన వార్నిష్ మందంగా పూసినా, లోపల వాయువు నిండి ఒక రోజు ఢాం అని పేలుతుంది, ఇక ఆ కంపు... ఉండు, బయట బండి హారన్ కొడుతున్నారు, నా కోసమే. మిగతాది తర్వాత రాస్తా, వెంటనే జవాబు రాయి, రెండు పేజీలకి తగ్గితే ఊరుకోను.

నీ
గుడ్డు గాడు