ఇంటూ గుర్తు నొక్కితే మార్పు ఉన్నట్టా, పోయినట్టా?

సంపాదకులకు నమస్కారం.

ఫలానా సెట్టింగ్ ఆన్ చేయండి, ఫలానాది ఆఫ్ చేయండి అని పేపర్లలో కంప్యూటర్ చిట్కాలు వస్తుంటాయి, చదివి చేసేవాళ్లలో నేనూ ఒకణ్ని. కానీ అసలు ఆ సెట్టింగ్స్ విండో ఎలా ఉండాలో ఎవరూ రాయరు. విజయనగరంలో డీటీపీ షాపు పెట్టుకుని పెళ్లి కార్డులు, కరపత్రాలు కొట్టుకునేవాణ్ని, ఆ విండోలతో రోజూ పడేది నేనే కాబట్టి నేనే రాస్తున్నాను.

కిందటేడు సిరిమాను పండగకి ముందు వారం. అన్నదానం కరపత్రాలు, ఫ్లెక్సీలు, మాకు ఊపిరి ఆడని రోజులవి. నేను టీకి వెళ్లినప్పుడు మా షాపు కుర్రాడు అక్షరాలు చిన్నగా కనిపిస్తున్నాయని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగ్స్ తెరిచి, ఏదో టిక్కు తీసి, ఏమీ మారలేదనుకుని పైన ఇంటూ గుర్తు నొక్కి మూసేశాడు. వాడు తీసింది ఆటోసేవ్ టిక్కు, అంటే చేసిన పనిని దానంతటదే సేవ్ చేసేది. సాయంత్రం కరెంటు పోయింది, మా యూపీఎస్ సంగతి చెప్పక్కర్లేదు, నాలుగు పేజీల పని గాలికి పోయింది. "ఓకే నొక్కలేదు కదండీ, ఏటీ అవదనుకున్నాను" అన్నాడు. నిజమే, నొక్కలేదు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఓకే బటనే లేదు, టిక్కు తీసిన క్షణమే అమల్లోకి వచ్చేస్తుంది!

తిట్టాను గానీ వాడి తప్పేముంది? పాత విండోస్ పద్ధతిలో కింద ఓకే, క్యాన్సిల్, అప్లై ఉంటాయి, ఇంటూ నొక్కితే క్యాన్సిల్ కిందే లెక్క. ఆపిల్ వాళ్ల మ్యాక్ కంప్యూటర్లలో చాలావరకు మార్చగానే మారిపోతుంది. విండోస్ కూడా 2012లో 8వ వెర్షన్ నుంచి ఆ దారి పట్టింది, అలాగని పాత కంట్రోల్ ప్యానెల్‌ని పూర్తిగా తీసేయలేదు. దాంతో ఒకే కంప్యూటర్లో ఒకచోట ఇంటూ అంటే "వద్దు", ఇంకోచోట "అయిపోయింది". అప్లై నొక్కాక క్యాన్సిల్ నొక్కితే అంతా వెనక్కి వస్తుందనుకునేవాళ్లు నాకు తెలిసి బోలెడంతమంది, రాదు.

నాకు ఏ పద్ధతైనా ఒకటే. వెంటనే అమలయ్యేదైతే ఆ మాట అక్కడే రాసి కనిపించాలి, నిన్నటి స్థితికి తీసుకెళ్లే బటన్ ఒకటి ఉండాలి. ఓకే నొక్కాల్సినదైతే మార్పులుండగా ఇంటూ నొక్కినప్పుడు ఒక్కసారి అడగాలి.

ఇంకోటి, కొన్నిట్లో సెట్టింగ్స్ తెరిస్తే వెనక ఫైలు బిగుసుకుపోతుంది, జరపడానికి కూడా ఉండదు. తెలుగు కొట్టేవాళ్లకి ఇది నరకం. మన ఒత్తులు కిందకి దిగి కింది లైను గుడుల మీద పడతాయి, లైన్ల మధ్య ఎంత ఖాళీ ఉండాలో పేజీ చూస్తూ సరిచేయాలి తప్ప అంకెలు చూసి కాదు. ఓకే నొక్కి చూడటం, చాలకపోతే మళ్లీ తెరవడం, తెరిస్తే అది మళ్లీ మొదటి ట్యాబ్‌లోనే ఉండటం, ఇలా ఐదారుసార్లు. ఇందాక ఎక్కడున్నానో గుర్తుపెట్టుకోవడం దానికంత కష్టమా?

మా షాపులో లాప్‌టాప్ 1366 బై 768 తెర. అందులో అక్షరాలు 125 శాతానికి పెంచితే కొన్ని విండోల్లో ఓకే బటన్ టాస్క్‌బార్ కిందకి పోతుంది. ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కి, ఎం నొక్కి, బాణం కీలతో విండోని పైకి జరిపితే దొరుకుతుంది, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

హైదరాబాద్, బెంగళూరుల్లో సాఫ్ట్‌వేర్ రాసే పిల్లల్లో మన ఉత్తరాంధ్ర వాళ్లు చాలామందే ఉన్నారు. పండక్కి ఊరొచ్చినప్పుడు ఓ గంట ఇలాంటి షాపులో కూర్చుని చూడండి బాబూ, టీ నేను పోయిస్తాను. మా కుర్రాడైతే ఇప్పుడు ఏ సెట్టింగ్ ముట్టుకున్నా ముందు ఫోన్‌తో ఫొటో తీసుకుంటున్నాడు.

— ఒక డీటీపీ ఆపరేటర్, విజయనగరం