ఆదివారం మీటింగ్: పురుగుమందులు, మన పేగులు

అందరికీ నమస్కారం!
ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు ఆన్‌లైన్‌లో కలుద్దాం.

కలుపుమందు గ్లైఫోసేట్ అడ్డుకునే ఎంజైమ్ మన కణాల్లో ఉండదు, కానీ పేగుల్లోని చాలా రకాల బ్యాక్టీరియాల్లో ఉంటుంది. అసలు చిక్కు అక్కడే. పురుగుల్ని చంపే మందు క్లోర్‌పైరిఫాస్ అయితే ఎలుకల్లో కేలరీలు ఖర్చుచేసే బ్రౌన్ ఫ్యాట్‌ను మందగింపజేసిందని 2021లో తేలింది. అది ఎలుకల సంగతి, ఇప్పుడే టెన్షన్ వద్దు. వివరంగా మాట్లాడుకుందాం.

మీ పని: ఇంట్లో వాడే స్ప్రే డబ్బాల లేబుల్ ఫోటో శనివారం రాత్రిలోగా ఇక్కడ పెట్టండి. ముందున్న బొమ్మ కాదండీ, వెనకాల చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు, శాతం కనబడాలి.

ఈలోగా పండ్లు, కూరగాయలు కుళాయి నీళ్ల కింద రుద్ది కడగండి, సబ్బు వాడొద్దు. స్ప్రే కొట్టాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినొద్దు.

లింక్ 9:30కి పెడతాను. మ్యూట్‌లో ఉంచినవాళ్లు చూసుకోండి!